నాయన వీపు కింద

మా తమ్ముడి కూతురు శ్రావ్య కోదాడలో ఇంజనీరింగ్ చదువుతోంది. ఏం చదువుతోందో వాళ్ళ సార్లకు తెలియాలి గానీ, ఫోనులో మాత్రం రోజుకొక వస్తువు తెప్పించుకుంటుంది. మొన్న వరికోతలప్పుడు నేను సూర్యాపేట నుంచి పాలకీడు దగ్గరున్న మా ఊరికి వెళ్ళి, అరుగు మీద చెప్పులు విడుస్తుంటే కాలికి ఏదో జారుడుగా తగిలింది. ఆకుపచ్చ రంగులో మనిషి పొడుగున్న సంచి. ఎరువుల బస్తా అనుకుందామంటే అంత పొడుగు బస్తా ఎవరూ కుట్టరు. "అత్తమ్మా, దాన్ని తొక్కకు, బివ్వీ బ్యాగ్ అది" అంటూ లోపలి నుంచి శ్రావ్య పరుగున వచ్చింది. గుడారం లేకుండా ఆరుబయట పడుకునేవాళ్ళు అందులో దూరి మెడ దాకా జిప్పు లాక్కుంటారట. వాన పడ్డా లోపలికి దిగదట. స్నేహితురాళ్ళు నలుగురు కలిసి అనంతగిరి పోయి, ఒక రాత్రి అలా పడుకుని వస్తారట.

మా అమ్మకు ఎనభై దాటాయి. చెవులు బాగానే పనిచేస్తాయి, తనతో చెప్పని మాటలైతే ఇంకా బాగా వినిపిస్తాయి. గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నదల్లా తలెత్తి, "అనంతగిరిల మనోళ్ళున్నరు గదనే, పోతే మంచమేస్తరు. సంచిల దూరి పండుకునే గతేం పట్టింది" అంది. ఆమెకు తెలిసిన అనంతగిరి కోదాడ పక్కనున్న మండలం ఊరు. తాము వెళ్ళేది వికారాబాద్ వైపు గుట్టలకని, అక్కడ అడవి తప్ప ఇళ్ళుండవని శ్రావ్య ఓపికగా చెప్పింది. అడవిలో మనకు చుట్టాలు లేరని అమ్మ ఒప్పుకుంది గానీ, సంచిలో పడుకోవడం మాత్రం ఒప్పుకోలేదు.

శ్రావ్య పరేషాన్ అసలు వేరే. సంచి కింద నేల మీద ఇంకొక షీటు పరచాలా వద్దా అని నలుగురూ రెండు జట్లయ్యారు. ఒకళ్ళతో ఒకళ్ళకు వాట్సాప్‌లో మాటలు కూడా బందయ్యాయట. పరచాలనేవాళ్ళు రాళ్ళకు సంచి చిరుగుతుందని, నేల చలి వీపులోకి ఎక్కుతుందని అంటున్నారు. వద్దనేవాళ్ళు అదంతా దండగ మోత అని, షీటు సంచి కంటే బెత్తెడు వెడల్పున్నా వాననీళ్ళు దాని మీదికి చేరి మడుగు కడతాయని అంటున్నారు. "నువ్వు సైన్సు టీచరువు గదా, నువ్వే తెంపు" అంది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నన్ను మా ఇంట్లో ఎవరూ సైన్సు అడగలేదు, జీతం ఎప్పుడొస్తుందనే అడిగారు. సంబరంగా గొంతు సవరించుకునేలోపే మా తమ్ముడు వెంకన్న అందుకున్నాడు. "గీ పంచాయితీ మనింట్ల పాతదే బిడ్డా. తాత ఈపు మోసం జేసిన ఏడాది కథ అడుగు మీ అత్తమ్మను" అన్నాడు. ఆ కథ జరిగినప్పుడు వాడు అమ్మ చంకలో ఉన్నాడు. అయినా పక్కనే నిలబడి చూసినట్టు చెబుతాడు, చెప్పిన ప్రతిసారీ ఇంకో నాలుగు గంపలు కలుపుతాడు. అమ్మ తల దించుకుని కాయలు గబగబా తుంచడం మొదలుపెట్టింది. నేనూ ఆమె వైపు చూడలేదు.

మాది సాగర్ ఎడమ కాల్వ కింద పొలం. ఇప్పుడంటే మిషన్ వచ్చి పూటలో కోసి వడ్లు ట్రాక్టరులో పోసి పోతుంది గానీ, అప్పుడు కోతలంటే ఇల్లు మొత్తం కల్లానికి తరలిపోయేది. కల్లం అంటే వడ్లు నూర్చే జాగా, చెక్కి చదును చేసిన గట్టి నేల. దాన్ని పేడనీళ్ళతో అలకడం అమ్మ పని, బకెట్లు అందించడం నా పని. ఆరిన అలుకు వాసన, దాని మీద కొత్త గడ్డి వాసన, తూర్పారబట్టేటప్పుడు ముక్కులో దూరే పొట్టు, ఇవన్నీ కలిసి ఒక నెలపాటు మా బట్టలను వదిలేవి కావు. బడికి పోతే నా పక్కన కూర్చున్న పిల్ల తుమ్మేది. మధ్యాహ్నం అన్నం కల్లం దగ్గరికే వచ్చేది, పచ్చిపులుసులో పొట్టు తేలుతుంటే ఊదుకుని తినేవాళ్ళం. మిర్యాలగూడ మిల్లుకు తోలడానికి బండి కుదిరేదాకా వడ్లు కుప్పగా అక్కడే ఉండేవి. కుప్ప పక్కన నాయన పడుకునేవాడు.

నాయన పడకకు ఒక పద్ధతి ఉండేది. నల్ల గొర్రె ఉన్ని గొంగడిని పొడుగునా రెండుగా మడిచి, సగం కిందికి సగం మీదికి వేసుకుని, కాళ్ళ దగ్గర అంచు లోపలికి దోపుకుని, తల మీదికి లాక్కునేవాడు. ముక్కు తప్ప ఏమీ కనిపించేది కాదు. శ్రావ్య సంచికీ ఆ గొంగడికీ తేడా జిప్పు ఒక్కటే, ఇంకా చెప్పాలంటే గొంగడికి చుట్టపొగ వాసన, మంచుకు తడిస్తే గొర్రెల మంద వాసన అదనం. అయితే దాని కింద ఏమీ పరచనిచ్చేవాడు కాదు. గడ్డి వద్దు, గోనె వద్దు, చాప వద్దు. గొంగడి, దాని కింద నేల, అంతే.

దానికి కారణం ఆయన వీపు. మా కల్లం కొంచెం పల్లంలో ఉండేది. కాల్వ పారినప్పుడు పై మడుల నుంచి ఊట దిగి, ఒక్కోసారి కల్లం నేల కిందినుంచి చెమ్మగిల్లేది. మీదినుంచి చూస్తే కుప్ప బంగారంలా ఉంటుంది, అడుగున మాత్రం వడ్లు నాని, వేడెక్కి, మొలకెత్తుతాయి. ఆ చెమ్మను ముందుగా కనిపెట్టేది తన వీపేనని నాయన నమ్మకం. పొద్దున లేవగానే ముఖం కడగకముందే చేయి వెనక్కి తిప్పి బనీను తడుముకుని, కాసేపు ఆలోచించి, "ఇయ్యాల నేల మంచిగున్నది" అని తీర్పు చెప్పేవాడు. నిజానికి ఆ తీర్పు ఎప్పుడూ తప్పలేదు కూడా. పక్క కల్లాలవాళ్ళు వేపపుల్లలు నములుతూ వచ్చి వినిపోయేవాళ్ళు. అమ్మ పెదనాన్న కొడుకు లింగయ్య మామ అయితే దూరం నుంచే "ఈపేమంటున్నది బావా" అని కేక వేసేవాడు. నాయనకు ఊళ్ళో ఉన్న పెద్దరికమల్లా ఆ వీపుదే. సర్పంచిని అడగని మాట కూడా నాయన వీపును అడిగేవాళ్ళు.

అమ్మకు ఆ వీపంటే భయం. అంతకు ముందు చలికాలం నాయనకు నెమ్ము చేసి నెల రోజులు మంచాన పడ్డాడు. మిర్యాలగూడ దవాఖానలో డాక్టరు, చలినేలకు వీపు ఆనించొద్దని, ఇంకొకసారి వస్తే తన చేతిలో ఉండదని అమ్మతో విడిగా చెప్పాడు. అప్పటినుంచి అమ్మ ఏ పని చేస్తున్నా ఒక చెవి నాయన దగ్గు మీద ఉండేది. శొంఠి కాచి ఇచ్చేది, మిరియాలు నూరి ఇచ్చేది, ఆయన తాగాడో కల్లంలో పారబోశాడో గ్లాసు వాసన చూసేది. కల్లానికి పోయేటప్పుడు గోనెసంచి ఇచ్చి పంపితే నాయన దాన్ని మడిచి తల కింద పెట్టుకునేవాడు. ఒక మాపు ఇద్దరూ నా ముందే వాదించుకున్నారు.

"వడ్లు తడిస్తే ఎండబోస్తం. నువ్వు తడిస్తే నేనేడ ఎండబొయ్యాలె" అంది అమ్మ.

"ఈపు కింద గోనె ఏస్తే నాకేం దెలుస్తది? కండ్లకు గంతలు గట్టుకున్నట్టే" అన్నాడు నాయన, గొంగడి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం నాయన ఎడ్లను కాల్వకు తోలుకుపోగానే అమ్మ నన్ను పిలిచింది. యూరియా బస్తాల లోపల ఉండే పాలిథిన్ కవర్లు రెండు కడిగి, ఆరబెట్టి, కోసి సిద్ధంగా ఉంచింది. గొంగడి విప్పి, కిందికి వచ్చే సగం మీద ఆ కవర్లు పరిచి, కనిపించకుండా వాటి మీద తన పాత నేత చీర కప్పింది. చుట్టూ కుట్టాలి. నేను ఏడో తరగతి. బడిలో కుట్లు నేర్పే పీరియడులో నా పేరు అందరికంటే ముందు పిలిచేవాళ్ళు, ఆ గర్వం నాకు బాగానే ఉండేది. దబ్బనం చేతికిచ్చి, చీమ దూరకుండా కుట్టమంది. నేను చీమ తాత కూడా దూరకుండా రెండు వరుసలు కుట్టాను. వేళ్ళు పొక్కులెక్కాయి. గొంగడి చిల్లులు పడితే పాత చీరతో అతుకు వేశామని మాపటికి నాయనకు చెప్పాం. ఆయన దాన్ని భుజాన వేసుకుంటే గరగరమని చప్పుడైంది. చీరకు గంజి పెట్టానంది అమ్మ. గొంగడికి గంజి పెట్టిన మనిషిని మొదటిసారి చూస్తున్నానని నాయన నవ్వుకుంటూ వెళ్ళాడు.

తెల్లవారి మేము పొయ్యి రాజేస్తుండగానే లింగయ్య మామ మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. నాయన వీపంతా తడిసిందట, బనీను పిండితే నీళ్ళు కారాయట, ఊట ఎక్కింది, కుప్ప కదపాలి అని పంపాడట. అమ్మ చేతిలో కట్టెపుల్ల అలాగే ఉండిపోయింది. నోరు తెరిచింది, మామ ముఖం చూసింది, మూసుకుంది. మేము వెళ్ళేసరికే కల్లాలవాళ్ళంతా అక్కడ ఉన్నారు. ఎవరి పని వాళ్ళు వదిలేసి గంపలు, తట్టలు తెచ్చారు, ఎందుకంటే ఆ వీపు చెప్పాక ఇక అనుమానం లేదు. కుప్ప మొత్తం అక్కడి నుంచి లింగయ్య మామ మెట్ట చెలకలోని బండ మీదికి మోయాలి. మగవాళ్ళు ఎత్తుతుంటే ఆడవాళ్ళు మోశారు. అమ్మ కూడా మోసింది. తల మీద గంపతో నా పక్కనుంచి పది సార్లు పోయింది, పది సార్లు వచ్చింది, ఒక్కసారి కూడా నన్ను చూడలేదు. చెబుదామా వద్దా అని ఆమె లోపల ఎంత నలిగిందో ఆమె నడకలోనే తెలిసింది. ఒక్కో గంప తరలిన కొద్దీ చెప్పడం ఇంకా కష్టమైపోయింది.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి అడుగు తేలింది. నాయన మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ అడుగు వడ్లలో దూర్చాడు. గుప్పెడు తీసి నలిపాడు, పంటి కింద పెట్టాడు. టక్కున పగిలింది. కింద నేలను తడిమాడు. అది మా అరుగంత పొడిగా ఉంది. గంపలు మోసినవాళ్ళంతా మెడలు పట్టుకుని నిలబడ్డారు. చివరికి లింగయ్య మామే, "ఏం బావా, నీ ఈపుకు ముసలితనమొచ్చినట్టుంది" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. నాయన కూడా నవ్వాడు గానీ, ఆ నవ్వు ముఖం మీద ఎక్కువసేపు నిలవలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఊరికి అదే ఆట. పెళ్ళిళ్ళలో, చావుల్లో, బస్సు కోసం నిలబడ్డ చోట, మబ్బు పడితే చాలు, బావ వీపును మాత్రం అడగకండ్రా అని ఎవరో ఒకరు అనేవారు. పొద్దున్నే వచ్చి తీర్పు వినేవాళ్ళు రావడం మానేశారు. మర్నాటికి గొంగడికి కుట్లు విప్పి ఉన్నాయి, పాలిథిన్ జాడ లేదు. ఎవరికీ చెప్పొద్దని అమ్మ నాతో ఒట్టు వేయించుకుంది. నాయన ఆ మాపటి నుంచి బుద్ధిగా టార్పాలిన్ పట్టా పరుచుకుని దాని మీద గొంగడిలో పడుకోవడం మొదలుపెట్టాడు. కుడిచేయి మాత్రం గొంగడి బయటికి చాచి, అరచేయి బోర్లించి నేలకు ఆనించి నిద్రపోయేవాడు. పొద్దున నేను చద్ది తీసుకుపోయేసరికి ఆ చేతికి మట్టి అంటి ఉండేది. నమ్మకం పోయిన మనిషి చేత్తో తడుముకుంటున్నాడనుకుని నాకు ఏడుపొచ్చేది.

అందుకు నేనే కారణమని నా లెక్క. నేల పొడిగా ఉంది, నాయన తడిశాడు. అంటే పైన పడ్డ మంచు నా సూది చిల్లుల్లోంచి దిగి ప్లాస్టిక్ మీద నిలిచి ఉండాలి. నేను సరిగా కుట్టలేదు, అందుకే నాయన ఊళ్ళో నవ్వులపాలయ్యాడు. అలా నమ్మి సూది పట్టడం మానేశాను. బడిలో కుట్ల పీరియడు వస్తే కడుపునొప్పి అనేదాన్ని. ఈనాటికీ నా జాకెట్టుకు హుక్కు ఊడితే దర్జీ దగ్గరికి పోతాను. టీచరునయ్యాక ఒకరోజు క్లాసులో చల్లటి నీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టి, బయట పట్టిన చెమ్మ చూపిస్తూ, గాలిలోని ఆవిరి చల్లటి చోట నీళ్ళవుతుందని చెబుతూ చెబుతూ ఆగిపోయాను. నాయన ఒంటి ఆవిరి బయటికి పోయే దారి లేక చల్లటి పాలిథిన్‌కు తగిలి, మళ్ళీ ఆయన వీపుకే చేరింది. మంచూ కాదు, ఊటా కాదు. ఆ రోజు క్లాసు సగంలో వదిలేశాను. అయినా నాయనకు చెప్పలేదు. చెబితే అమ్మ పేరు బయటికి వస్తుంది, ఒట్టు ఉంది. నాయన పోయి ఆరేళ్ళయింది, నెమ్ము వల్ల కాదు, ముసలితనం వల్లే. ఇక చెప్పినా లాభం లేదు.

ఈ నడుమ వెంకన్న వడ్లు కొనుగోలు కేంద్రంలో పట్టాల కింద ఉన్నాయి. గుప్పెడు వడ్లు పోస్తే తేమ ఎంతో అంకెలో చూపించే చిన్న మిషన్ అక్కడ ఉంటుంది. దాన్ని చూసే కొంటారు, దాన్ని చూసే తిప్పి పంపుతారు. వాడు ఇంట్లో మంచం మీద పడుకుని ఫోనులో మబ్బులు చూసుకుంటాడు. మంచిదే, మిషన్‌కు దగ్గు రాదు, దాని గురించి ఎవరూ శొంఠి కాచనక్కర్లేదు. వాడి గుప్పెట్లో వడ్లు పోసి అడిగితే మాత్రం ఎండాయో లేదో చెప్పలేడు. ఆ మాట అంటే, నువ్వు చెప్పగలవా అక్కా అన్నాడు. నేనూ చెప్పలేను.

శ్రావ్య ఇంకా జవాబు కోసం చూస్తోంది. షీటు పరుచుకో, అయితే సంచి కంటే చిన్నగా ఉండాలి, అంచులు బయటికి రాకూడదు అన్నాను. జిప్పు పూర్తిగా మూసుకోవద్దని, ఊపిరి బయటికి పోయేలా ముఖం దగ్గర తెరిచి ఉంచుకోమని, పొద్దున లోపల తడి కనిపిస్తే నేలను తిట్టొద్దని, అది నీ తడేనని చెప్పాను. మరి అది లోపలి తడో బయటి తడో ఎలా తెలుస్తుందని శ్రావ్య అడిగింది. నాకు ఎందుకో ఆగబుద్ధి కాలేదు. అరవై దాటిన మనిషిని, ఇంకా ఒట్లకు భయపడాలా అనిపించి, పాలిథిన్ కవర్ల దగ్గర నుంచి నా సూది చిల్లుల దాకా మొత్తం చెప్పేశాను. వెంకన్న నోరు తెరుచుకుని విన్నాడు. ఇన్నేళ్ళు ఊరంతా తిప్పిన కథ తనకే సగం తెలియదన్నది వాడికి పెద్ద దెబ్బ. అమ్మ చేతులు ఆగిపోయాయి. నాయనకు చివరిదాకా చెప్పలేకపోయామని అన్నాను.

"మీ నాయనకు ఆ మాపే చెప్పిన" అంది అమ్మ.

ఆమె చాట పక్కన పెట్టి, ఇంత గొడవకు తనను లాగినందుకు కొంచెం విసుగ్గానే చెప్పింది. ఆ మాపు అన్నం పెడితే నాయన ముద్ద ముట్టలేదట. నా ఈపు పాడయిందే, ఇగ నన్నెవరు అడుగుతరు అన్నాడట. ఆ మాట తట్టుకోలేక గొంగడి తెచ్చి ముందు పడేసి, కుట్టిందంతా చూపించిందట. నాయన దాన్ని దీపం దగ్గర పెట్టి రెండు పక్కలా తడిమాడు. నేల వైపు పొడి, మడతలో ఆరని ఒంటి వైపు ఇంకా తడి. నేను ఏళ్ళ తరబడి చదివి క్లాసులో కనిపెట్టింది ఆయన అప్పుడే కనిపెట్టాడు. కాసేపు ఒక్కడే నవ్వుకుని, అప్పుడు అన్నం కలుపుకున్నాడట.

"తెల్లారి గంపలు మోసినోళ్ళందరికి నేనే చెప్తనన్న. వద్దన్నడు. నన్ను జూసి నవ్విన్రు, అయిపోయింది, రేపటికెల్లి నిన్ను జూసి నవ్వితే నాకు పానం ఒప్పదన్నడు. ఇగ నేనూ అడిగిన, నా మాట ఒక్కటి విను, పట్టా ఏస్కో, నీ నేల నీకు గావాలంటే చెయ్యి బయట వెట్టుకో అని. సరేనన్నడు."

ఆ చేయి వాళ్ళిద్దరి ఒప్పందమట. దాన్ని చూసే నేను అన్నేళ్ళు ఏడ్చాను. నాకెందుకు చెప్పలేదని అడిగాను. అడిగేటప్పుడు నా గొంతులో కోపం ఉంది, దాచుకోలేదు.

"పొల్లకు చెప్పకు, తెలిస్తే ఇగ సూది ముట్టదు అన్నడు" అంది అమ్మ. మళ్ళీ చాట ఒళ్ళోకి తీసుకుని, కాయలు ఏరుతూ, అదేమంత పెద్ద మాట కానట్టు, "గొంగడి తిప్పి తిప్పి చూసిండు. నా బిడ్డ ఏం కుట్టిందే, ఊపిరి గూడ బయటికి పోకుంట కుట్టింది అన్నడు. సంబరపడ్డడు" అంది.

ఆ మాట నాతోనే అని ఉంటే నీ సొమ్మేం పోయేది నాయనా అని, శ్రావ్య చూస్తుండగానే చిన్నపిల్లలా ఏడ్చేశాను.